దత్తత పిమ్మట : పెంచు కుటుంబములకు తోడ్పాటు

మన పాఠశాల వార్షిక సంచికలో చదువు, ఆటలు, పరీక్షల ఫలితములు, పూర్వ విద్యార్థుల అభివృద్ధి మొదలగు విషయములకు ఎల్లపుడును చోటు లభించుచున్నది. ఈ యేడు మేము మఱియొక విషయమును చదువరుల యెదుట ఉంచదలచితిమి. అది దత్తత వచ్చిన బిడ్డలను, కొంతకాలము సంరక్షణకై వచ్చిన బిడ్డలను పెంచుచున్న కుటుంబములకు సంబంధించినది. అట్టి బిడ్డలు నేడు మన తరగతులలో ఉన్నారు. ఇకముందు మఱింతమంది రాగలరు. వారి తల్లిదండ్రులు ఉపాధ్యాయుల యొద్దకు అనేక సందేహములతో వచ్చుచుందురు. వానిలో చట్టమునకు సంబంధించినవి కొన్ని మాత్రమే. అన్నము, నిద్ర, భాష, పండుగ, బంధువుల మాట అనువానికి సంబంధించినవే పెక్కు. బిడ్డను ఇంటికి తెచ్చుకొను దినమున అభినందించువారు పదిమంది యుందురు. ఆఱవ నెలలో ఒక అర్ధరాత్రమున ఆ బిడ్డ ఏడ్చుచు లేచినపుడు ఆ తల్లి ఎవరి నడుగవలెను? ఈ లోటును తీర్చు మార్గములను వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

రెండు మార్గములు

మన తెలుగిండ్లలో పెంపకము క్రొత్తది కాదు. సంతానము లేని అన్నకు తమ్ముడు తన బిడ్డను ఇచ్చుట, తల్లిని పోగొట్టుకొన్న పసివానిని పిన్నమ్మ సాకుట, మేనమామ యింట పెరిగి పెద్దవాడగుట, ఇవన్నియు తరతరములుగా ఉన్నవే. ప్రాచీన ధర్మశాస్త్రములు దత్తపుత్రుని పుత్రుల వర్గములలో ఒకనిగా లెక్కించినవి. కాని ఆనాటి దత్తత వంశము నిలుచుటకును, పితృకార్యములు జరుగుటకును ఉద్దేశింపబడినది. కావున సాధారణముగ మగపిల్లవానినే దత్తత గొనుచుండిరి. 1956 డిసెంబరు 21వ తేదీన అమలులోనికి వచ్చిన హిందూ దత్తత, మనోవర్తి చట్టము ఈ పద్ధతిని మార్చెను. ఆడుపిల్లను దత్తత గొనుటకును, అవివాహితయైన స్త్రీగాని వితంతువుగాని తన పేరుననే దత్తత గొనుటకును అది మార్గ మేర్పఱచినది. ఆ చట్టము ప్రకారము దత్తహోమము తప్పనిసరి కాదు. బిడ్డను ఇచ్చుట, పుచ్చుకొనుట యను క్రియయే ప్రధానము. ఒకమాఱు సక్రమముగ జరిగిన దత్తతను ఎవ్వరును రద్దు చేయజాలరు.

బంధుత్వము లేని బిడ్డను, అనగా అనాథగా గాని, విడిచిపెట్టబడి గాని శిశుగృహమునకు చేరిన బిడ్డను దత్తత గొనువారు అనుసరింపవలసినది 2015వ సంవత్సరపు బాలల న్యాయ చట్టము. దీనికి మతభేదము లేదు. 'కారా' అను కేంద్ర దత్తత సంస్థ 1990లో ఏర్పడినది. దేశమంతటి నుండి వచ్చు దరఖాస్తులు నేడు దాని పట్టికలో నమోదై వరుస క్రమమున పరిశీలింపబడుచున్నవి. దరఖాస్తు పెట్టిన పిమ్మట సామాజిక కార్యకర్త ఆ యింటికి వచ్చి గృహ పరిశీలన నివేదికను వ్రాయును. అది మూడేండ్లు చెల్లును. బిడ్డను అప్పగించుచు సంతకము చేసిన కన్నతల్లికి పునరాలోచనకై 60 దినముల గడువు కలదు. దిక్కులేక దొరకిన బిడ్డ విషయమున బాలల సంక్షేమ సమితి విచారణ జరిపి, బిడ్డ రెండేండ్ల లోపుదైనచో రెండు నెలలలోను, పైబడినదైనచో నాలుగు నెలలలోను దత్తతకు అర్హతను ప్రకటింపవలెను. 2021లో జరిగిన సవరణ 2022 సెప్టెంబరు 1 నుండి అమలులోనికి వచ్చిన తరువాత, దత్తత ఉత్తర్వును న్యాయస్థానమునకు బదులుగా జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరు ఇచ్చుచున్నారు.

ఈ క్రమమును తప్పించుకొని ఆసుపత్రిలోనో, దళారి ద్వారానో బిడ్డను పుచ్చుకొనుట నేరము. బిడ్డను అమ్మినవారికిని కొన్నవారికిని ఐదేండ్ల వఱకు కఠిన శిక్షయు, లక్ష రూపాయల జరిమానాయు ఆ చట్టమున విధింపబడినవి. ఆ పనిలో ఆసుపత్రి ఉద్యోగికి చేయి యున్నచో శిక్ష మూడేండ్లకు తగ్గదు, ఏడేండ్ల వఱకు ఉండవచ్చును. జాలితో చేసితిమని చెప్పుకొన్నను అట్టి బిడ్డకు చట్టబద్ధమైన హక్కు ఏర్పడదు. కావున ఈ విషయమున మన బంధువర్గమును హెచ్చరించుట మన విధి.

రెండవ మార్గము పోషక సంరక్షణ. ఇది దత్తత కాదు. తల్లిదండ్రులు జైలులోనో, దీర్ఘవ్యాధితోనో, మఱి యే కారణముచేతనో పెంపజాలనపుడు, బాలల సంక్షేమ సమితి ఉత్తర్వుతో వేఱొక కుటుంబము ఆ బిడ్డను సాకును. 2015 చట్టములోని 44వ సెక్షను దీనిని గూర్చి చెప్పుచున్నది. అక్కచెల్లెండ్రను, అన్నదమ్ములను వీలైనంతవఱకు ఒకే యింట ఉంచవలెను. బిడ్డ మేలునకు భంగము లేనిచో కన్నవారు వచ్చి చూచిపోవచ్చును. సమితివారు నెలనెలా పరిశీలింపవలెను. 2022లో ప్రకటింపబడిన మిషన్ వాత్సల్య నియమముల ప్రకారము ఇట్టి బిడ్డ ఒక్కొక్కరికి నెలకు 4,000 రూపాయల సహాయము ఏర్పాటైనది. 2024లో సవరింపబడిన మార్గదర్శక సూత్రములు ఒంటరి స్త్రీపురుషులకు కూడ పోషకులగు అవకాశము కల్పించినవి. అయితే ఒంటరి పురుషునకు మగపిల్లవానిని మాత్రమే అప్పగింతురు. రెండేండ్లు ఒకే పోషక కుటుంబమున పెరిగిన బిడ్డ దత్తతకు అర్హత కలవాడైనచో ఆ కుటుంబమే దత్తత గొనవచ్చుననియు అవి చెప్పుచున్నవి.

ఇచట ఒక ముఖ్య విషయమును గమనింపవలెను. పసికందును కోరువారు పెక్కుమంది. వారు వేచియుండు కాలము మూడేండ్లు దాటుచున్నది. కాని ఐదాఱేండ్లు నిండిన పిల్లలు, వైకల్యము గల పిల్లలు, తోబుట్టువులతో కూడిన పిల్లలు శిశుగృహములలోనే మిగిలిపోవుచున్నారు. ఏటేట నవంబరు మాసమును కారావారు దత్తత ప్రచార మాసముగ జరుపుదురు. 2024లో పెద్ద పిల్లలకు పోషక సంరక్షణ ద్వారాను, పోషకుల దత్తత ద్వారాను కుటుంబము లభింపజేయుటనే వారు ప్రధాన విషయముగ గైకొనిరి. పెద్ద పిల్లలు ఇండ్లకు వచ్చుకొలది ఆ ఇండ్లకు తోడ్పాటు అవసరమగుట హెచ్చును.

శిక్షణ ఎందులకు?

'బిడ్డను పెంచుటకు శిక్షణ ఏమి? మా అవ్వ ఏ బడిలో నేర్చినది?' అని కొందఱు నవ్వుదురు. అవ్వ పెంచిన బిడ్డ పుట్టిన నాటినుండి ఆమె చేతిలోనే యుండెను. దాని ఏడుపులో ఆకలి యేదో, నిద్ర యేదో ఆమె ఎఱుగును. ఆఱేండ్ల వయస్సున వచ్చిన బిడ్డకు ఆఱేండ్ల గతము కలదు. ఆ గతములో కొన్ని చేతులు అన్నము పెట్టినవి, కొన్ని చేతులు కొట్టినవి, కొన్ని చేతులు చెప్పకుండ వదలిపోయినవి. ఆ బిడ్డ చేయు పనులు మనకు వింతగా తోచినను, గతమును ఎఱిగిన వారికి అవి వింత కావు. ఈ యెఱుకను కలిగించుటయే శిక్షణ.

మొదటిది అన్నము. ఆకలి నెఱిగిన బిడ్డ ఇడ్లీ ముక్కను తలగడ క్రింద దాచును; పెండ్లిలో విస్తరి నిండ పెట్టించుకొని ఒడిలో మూటగట్టును. దీనిని దొంగతనమని మందలించినచో దాచుట ఎక్కువగును. బిడ్డ చేతికి అందునట్టి యొక డబ్బాలో పేలాలు, వేరుసెనగలు, అరటిపండ్లు ఎల్లవేళల ఉంచి, 'ఇది నీది, ఎప్పుడైనను తినవచ్చును' అని చెప్పవలెను. డబ్బా ఖాళీ కాకుండుటను కొన్ని నెలలు చూచిన తరువాత దాచు అలవాటు దానంతట అదియే తగ్గును.

రెండవది నిద్ర. ఇరువదిమంది పిల్లలతో కలిసి వరుసగ పండుకొన్న బిడ్డకు ప్రత్యేకమైన గది యిచ్చుట మనకు గొప్పగా తోచును. బిడ్డకు భయము కలుగును. చిన్న దీపము, పెద్దల మంచము దగ్గఱ పఱుపు, రోజును ఒకే వేళకు చెప్పు కథ, ఇవి గదికంటె మేలు.

మూడవది మొదటి వారముల అతివినయము. క్రొత్తగా వచ్చిన పెద్ద బిడ్డ చెప్పినదెల్ల చేయును; తల్లిదండ్రులు మురియుదురు. రెండు మూడు నెలలైన పిమ్మట ఆ బిడ్డయే మొండికేయును, వస్తువులు పగులగొట్టును, అబద్ధములాడును. 'ఇంత చేసినను వీరు నన్ను ఉంచుకొందురా?' అని అది పరీక్షించుచున్నదని గ్రహింపవలెను. ఆ పరీక్షకు సమాధానము ఒక్కటే. మందలింపవచ్చును, నియమము పెట్టవచ్చును. కాని 'నిన్ను తిరిగి పంపివేయుదును' అను మాట హాస్యమునకైనను పలుకరాదు. కన్నబిడ్డ అట్టి మాటను మఱుదినమున మఱచును. ఈ బిడ్డ మఱవదు, ఏలయన ఒకమాఱు అది నిజముగనే జరిగినది.

నాల్గవది చనవు. కొందఱు పిల్లలు ఎవరు పిలిచినను ఒడిలోనికి పోవుదురు. 'ఎంత కలుపుగోలు బిడ్డ!' అని మెచ్చుకొందురు. తనవారెవరో, పరాయివారెవరో తెలియని స్థితి అది. మొదటి నెలలలో స్నానము, అన్నము, నిద్ర వీనిని తల్లిదండ్రులే చూచుకొనినచో 'వీరు నావారు' అను భావము కుదురును. చుట్టములు కొంత దూరమున నిలిచి ఆ తల్లికి వంటలోను, బజారు పనిలోను సాయపడుట మంచిది.

ఐదవది వయస్సు వెనుకకు పోవుట. ఎనిమిదేండ్ల పిల్ల ముద్దలు కలిపి పెట్టుమని అడుగును, జోల పాడుమనును. చిన్ననాట దొరకని దానిని ఇపుడు అడుగుచున్నది. పెట్టినచో చెడిపోదు. కొంతకాలమునకు తృప్తిపడి తన వయస్సునకు వచ్చును.

పోషక కుటుంబములకు వీనితోపాటు మఱియొక శిక్షణ కావలెను. అది వీడ్కోలు చెప్పు శిక్షణ. 'రేపు వెళ్ళిపోవు బిడ్డను ఎంతవఱకు ప్రేమింపవలెను?' అని ఆ తల్లులు అడుగుదురు. పూర్తిగ ప్రేమింపవలెననియే మా సమాధానము. ఒక యింట నిండుగ ప్రేమింపబడిన బిడ్డకు మఱియొక యింట ప్రేమించుట వచ్చును. కాని ఆ భారమును పెంచిన తల్లి ఒక్కతె మోయుట కష్టము. అదే యనుభవము గల మఱియొక తల్లి ప్రక్కన కూర్చున్నచో దుఃఖము కొంత తేలికపడును.

చట్టమును ఇట్టి తోడును కొంతవఱకు ఏర్పాటు చేసినది. దత్తత తరువాత రెండేండ్ల పాటు ఆఱు నెలల కొకమాఱు సామాజిక కార్యకర్త వచ్చి నివేదిక వ్రాయవలెను. జిల్లా బాలల సంరక్షణ విభాగమును, దత్తత సంస్థయు తల్లిదండ్రులకును పిల్లలకును సలహా సదుపాయము కల్పింపవలెను. పెక్కు ఇండ్లలో ఆ కార్యకర్త వచ్చు దినమున ఇల్లు సర్ది, బిడ్డకు క్రొత్త బట్టలు తొడిగి, అంతయు బాగున్నదని చెప్పి పంపివేయుదురు. చెప్పవలసిన కష్టమును దాచినచో ఆ రాక వ్యర్థము. సహాయ మడుగుట చేతకానితనము కాదు. కష్టమును మూసిపెట్టిన ఇండ్లలోనే కొన్ని సందర్భములలో దత్తత విఫలమై బిడ్డ తిరిగి శిశుగృహము చేరుచున్నది. బిడ్డకు రెండవమాఱు ఇల్లు పోవుటకంటె మించిన నష్టము లేదు.

నిజము చెప్పుట

'దత్తత సంగతి బిడ్డకు ఎప్పుడు చెప్పవలెను?' అని అందఱును అడుగుదురు. ఒక దినమున పిలిచి చెప్పుట కాక, మాటలు రాని నాటినుండి కథగా చెప్పుచు వచ్చుట మేలని దత్తత పనిలో అనుభవము గలవారు చెప్పుదురు. ఆ కథకు మన యింట కావలసినంత సామగ్రి కలదు. దేవకి కనగా యశోద పెంచిన కృష్ణుని కథ తెలియని తెలుగు బిడ్డ యున్నదా? కృష్ణాష్టమి నాడు వాకిట చిన్ని పాదములు దిద్దుచు, 'ఈ కృష్ణునివలె నీవును మా యింటికి నడచి వచ్చితివి' అని చెప్పిన తల్లికి వేఱు ఉపన్యాసము అక్కఱలేదు. దాచిపెట్టిన యింట ఆ సంగతిని పొరుగింటి పిల్లలు కొట్లాటలో చెప్పుదురు. అపుడు బిడ్డ మనస్సునకు తగులు దెబ్బ దత్తత వలన కలిగినది కాదు, దాచుట వలన కలిగినది.

బిడ్డ వచ్చిన నాటి ఛాయాచిత్రము, శిశుగృహమున తొడిగిన చొక్కా, దాదికి వ్రాసిన యుత్తరము మొదలగువానిని ఒక పుస్తకమున అతికించి యుంచుట మంచి పద్ధతి. కన్నతల్లిని గూర్చి తక్కువ మాట ఆ యింట వినబడరాదు. పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట తన మూలములను గూర్చి విచారించు అవకాశమును నియమములు బిడ్డకు ఇచ్చినవి. ఆనాడు దానితోపాటు నిలుచుటకు తల్లిదండ్రులు సిద్ధపడి యుండవలెను.

భాష విషయము

ఇది ప్రత్యేకముగ మనకు సంబంధించినది. మేము నివసించు హోసూరు ప్రాంతమున తెలుగు, కన్నడము, తమిళము మూడును వీధిలో వినబడును. 1992లో తమిళనాడు ప్రభుత్వము సేలము జిల్లాలో తొట్టిల్ పథకమును ఆరంభించెను. ఆడుశిశువులను చంపుట మానుపుటకై ప్రభుత్వపు ఊయెలలో విడువుమని కోరిన పథక మది. 2001లో అది ధర్మపురి మొదలగు జిల్లాలకు విస్తరించినది. మా ప్రాంతము అపుడు ధర్మపురి జిల్లాలోనిదే. ఇట్టి పథకముల మూలముగ గాని, కారా పట్టిక మూలముగ గాని ఇంటికి చేరు బిడ్డ తెలుగు బిడ్డయే కానక్కఱలేదు.

తమిళము మాటలాడు ఏడేండ్ల బాలిక తెలుగింటికి వచ్చినదనుకొందము. దాహము వేసినపుడు అది 'తణ్ణీ' అనును. 'నీళ్ళు అనుము' అని వెంటనే దిద్దువారు మంచి యుద్దేశముతోనే దిద్దుదురు. కాని ఆ బిడ్డ వెంట తెచ్చుకొన్న ఆస్తి ఆ మాటలే. మిగిలినదంతయు అది పోగొట్టుకొన్నది. ముందు నీళ్ళిచ్చి, తల్లి తానే 'తణ్ణీ' అని పలికి, ఆ పిమ్మట 'మన యింట నీళ్ళనియు అందుము' అని చేర్చవలెను. పేరు మార్చుటలోను ఇదే జాగ్రత్త వలయును. ఏడేండ్లు ఆ పేరునకు పలికిన బిడ్డకు అది అలంకారము కాదు, తానే.

ఈ పాఠమును మనకు ఎవరును నేర్పనక్కఱలేదు. తెలుగు నేలకు దూరమున తరతరములుగా నివసించుచు, ఇంటి భాషను ఉంచుకొని, ఊరి భాషను నేర్చుకొన్నవారము మనము. ఒక భాష నేర్చుటకు మఱియొకటి వదలనక్కఱ లేదని మన జీవితమే సాక్ష్యము. 2006 నాటి చట్టము వలన తమిళనాడు పాఠశాలలలో తమిళము ఒకటవ తరగతి నుండి తప్పనిసరి పాఠ్యాంశమైనది. తమిళ గంటలో తెలుగు పిల్లలు తడబడుచుండగా, తెలుగు గంటలో వెనుకబడిన ఈ బిడ్డ అచట ముందు నిలుచును. ఉపాధ్యాయుడు ఆ సమయమును గుర్తించి మెచ్చుకొన్నచో బిడ్డ తల యెత్తుకొని తిరుగును.

ఏడాది పొడవునను

కుటుంబములకు తోడ్పాటు ఒక ఉపన్యాసముతో ముగియునది కాదు. ఋతువుతోపాటు కష్టమును మారును, అవకాశమును మారును. కావున ఏడాది పొడవునను ఏమి చేయవచ్చునో వరుసగ సూచించుచున్నాము.

జూను మాసమున బడి తెఱచునపుడు తల్లిదండ్రులు తరగతి ఉపాధ్యాయునితో ఒక అరగంట ఏకాంతముగ మాటలాడవలెను. తెలియవలసినది ఉపాధ్యాయునికి తెలియవలెను, తరగతికి తెలియనక్కఱలేదు. శ్రావణమున వరలక్ష్మీ వ్రతమునకు పేరంటము పిలుచునపుడు దత్తత బిడ్డల తల్లులను మఱవకుండ పిలువవలెను. 'కడుపున పుట్టలేదు గదా' అను మాట ఎక్కువగ వినబడునది పేరంటములలోనే. అది ఆగవలసినదియు అచటనే. విజయదశమికి అక్షరాభ్యాసము. నాలుగైదేండ్లకు వచ్చిన బిడ్డకు తల్లి ఒడిలో కూర్చుండి పలకపై వ్రాయు ఆ యొక్క గంట ఎంతో విలువైనది. పుట్టిన నక్షత్రము తెలియదని సంకోచింపనక్కఱలేదు. పేరునుబట్టి నామనక్షత్రము చెప్పుట మన పురోహితులకు తెలిసిన పద్ధతియే.

దీపావళి నాడు జాగ్రత్త వలయును. పెద్ద శబ్దమునకు కొందఱు పిల్లలు వణకి మంచము క్రింద దూరుదురు. వారిని పిఱికివారని ఎగతాళి చేయక, ప్రమిదలతోను కాకరపువ్వొత్తులతోను ఆ యేటికి తృప్తిపడవలెను. కార్తికమున వనభోజనము కలదు. నవంబరు మాసపు ప్రచారమును ఇంచుమించు అదే కాలమున వచ్చును. ఉసిరిచెట్టు నీడను ఐదాఱు పెంచు కుటుంబములు కలిసి భోజనము చేసినచో, పిల్లలు ఆడుకొనుచుండగా తల్లులు మాటలాడుకొందురు. అది సభ కాదు, అధ్యక్షుడు అక్కఱలేదు. 'మావాడును ఇట్లే అన్నము దాచెడివాడు' అని ఒక తల్లి చెప్పగా రెండవ తల్లికి గుండె నిబ్బరము కలుగును. బిడ్డలకును తమవంటివారు మఱికొందఱున్నారని తెలియును.

సంక్రాంతికి భోగిపండ్లు. రేగుపండ్లు, చెఱకు ముక్కలు, నాణెములు, పూలు కలిపి ముత్తైదువలు బిడ్డ తలపై పోయుదురు. పదిమంది యెదుట 'ఈ బిడ్డ ఈ యింటిది' అని చాటుటకు ఇంతకంటె సులభమైన ఉత్సవము లేదు. పసితనము దాటి వచ్చిన బిడ్డకైనను ఒకమాఱు పోయుటలో దోషము లేదు. ఉగాదికి పంచాంగ శ్రవణముతోపాటు, బిడ్డ ఇంటికి వచ్చిన దినమును క్రొత్త పంచాంగమున గుర్తించుకొనవచ్చును. పుట్టినరోజు సరిగ తెలియని బిడ్డలకు ఆ దినము ఆత్మీయమైన పండుగ యగును. కాని ఆ దినమే బిడ్డ వెనుకటివారిని విడిచిన దినము కూడ. కొందఱు పిల్లలు ఆనాడు దిగులుపడుదురు. ఆర్భాటము చేయక వారి ముఖమును చూచి జరుపుకొనవలెను.

వేసవి సెలవులు అన్నిటికంటె కష్టమైనవి. గంట కొట్టగానే లేచి, గంట కొట్టగానే తిను క్రమమునకు అలవాటుపడిన బిడ్డకు రెండు నెలల విరామము దారి తప్పినట్లుండును. అమ్మమ్మ ఊరికి పంపుదురా, వదలివేసిరేమో యని భయపడును. మొదటి వేసవిలో బిడ్డను ఒంటరిగ ఎచటికిని పంపక తల్లిదండ్రులు వెంట ఉండుట మంచిది. మా జిల్లా మామిడికి పేరుపడినది. తోటలో వారము దినములు ఉదయము వేళ ఆటలు, బొమ్మలు, కథలు, తెలుగు పాటలు ఏర్పాటు చేసినచో ఖర్చును స్వల్పము, ప్రయోజనమును అధికము. అదే సమయమున తల్లిదండ్రులకు రెండు గంటల శిక్షణ జరుపవచ్చును. జిల్లా బాలల సంరక్షణ విభాగమువారిని రమ్మని కోరవచ్చును.

పాఠశాల చేయదగినది

పాఠశాలకు ధనము లేకపోయినను చేయదగిన పనులు కలవు. 'మీ వంశవృక్షమును గీయుడు', 'మీ పసితనపు ఛాయాచిత్రమును తెండు' అను పాఠములు కొందఱు పిల్లలకు ముల్లువలె గ్రుచ్చుకొనును. వానికి బదులుగా 'నన్ను ప్రేమించువారు' అను శీర్షికతో చిత్రము గీయుమనవచ్చును. వంశవృక్షమును గీయదలచినవారు గీయవచ్చును. మాతృదినోత్సవమున తల్లిని గూర్చి వ్యాసము వ్రాయించునపుడు కన్నతల్లి, పెంచినతల్లి, అవ్వ ఎవరినిగూర్చియైనను వ్రాయవచ్చునని ముందుగనే చెప్పవలెను. దత్తత ఉత్తర్వు తరువాత పొందు జనన ధ్రువపత్రమున తల్లిదండ్రులుగ నుండునది దత్తత గొన్నవారి పేర్లే. కావున ప్రవేశ పట్టికలో వేఱు వ్రాత అక్కఱలేదు. ఒక బిడ్డ దత్తత సంగతిని ఉపాధ్యాయుల గదిలో కబురుగ చెప్పుకొనుట వృత్తిధర్మమునకు విరుద్ధము. ఏ బిడ్డకైనను ఆపద కలిగినచో 1098 అను సంఖ్యకు ఉచితముగ ఫోను చేయవచ్చునని ప్రతి తరగతి గోడపై వ్రాసియుంచుటయు మంచిదే.

మన సంఘసభ్యులకు మా విన్నపము ఒక్కటి. సంఘ భవనమున మూడు నెలల కొకమాఱు ఒక ఆదివారపు సాయంకాలము పెంచు కుటుంబములకు కేటాయింపుడు. ఒక కాఫీ, ఒక చాప, పిల్లలకు ఆటస్థలము చాలును. వచ్చినవారు ఇద్దఱైనను జరుపవలెను. పెంచుటలో అనుభవము గల పెద్దలు క్రొత్తవారికి చెప్పుదురు. తమిళము, కన్నడము తెలిసిన యువతీయువకులు క్రొత్త బిడ్డకు మాటతోడు ఇత్తురు.

కన్నతల్లికంటె పెంచినతల్లి మిన్న యని లోకమున చెప్పుకొందురు. ఇద్దఱిని తూచుట మన పని కాదు. పెంచుచున్న తల్లి ఒంటరిగ నుండకుండ చూచుట మన పని. ఈ యేడు మన బడిలో క్రొత్తగ చేరు బిడ్డలలో ఎవరు ఎట్లు ఇంటికి వచ్చిరో అడుగనక్కఱలేదు. వారి యిల్లు నిలుచుటకు మనవంతు చేయి అందించినచో, ఆ బిడ్డకు చదువు చెప్పుటకు వలసిన పునాది సిద్ధమైనట్లే.